హైదరాబాద్ - డల్లాస్: దూరం, టైమ్ మీద అపోహలు, వాస్తవాలు

పిల్లల దగ్గరికి డల్లాస్ వెళ్లే అమ్మానాన్నలకు టికెట్లు చేయడం నా పని. ఎదురుగా కూర్చుని, ఫోన్లో మ్యాప్ తీసి అడిగే ప్రశ్నలు ఏళ్లుగా దాదాపు ఇవే.

అపోహ: దుబాయ్ మీదుగా వెళ్తే బోలెడంత చుట్టు.

వాస్తవం: అసలు దగ్గరి దారి ఎటో ముందు చూడండి. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 175. అంటే ఇంచుమించు భూగోళానికి ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. ఇంట్లో గ్లోబు ఉంటే ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది అట్లాంటిక్ వైపూ పోదు, పసిఫిక్ వైపూ పోదు. నేరుగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల పక్కగా దాటి అటు దిగుతుంది! ఆ దారం కొలత సుమారు 14,400 కిలోమీటర్లు. ఇంటర్నెట్‌లో కనిపించే దూరం కూడా ఇదే. విమానం ఎగిరే దూరం కాదు.

దుబాయ్ మీదుగా రెండు ముక్కలూ ఇలాగే కొలిస్తే దాదాపు 15,500. తేడా వెయ్యి పైచిలుకు, విమానానికి గంటా పావు పని. మీ టైమ్ తినేసేది దుబాయ్‌లో వెయిటింగ్. మూడు గంటలు ఆగే టికెట్‌కీ, పదకొండు గంటలు ఆగే టికెట్‌కీ కిలోమీటర్లు ఒకటే.

అపోహ: తక్కువ దూరమైతే త్వరగా చేరతాం.

వాస్తవం: 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి కూడా పద్నాలుగున్నర గంటల్లో, పాత దారికంటే ముందే దిగింది. వెనక నుంచి గాలి తోసింది మరి.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతుంది కదా, పడమరకు ఎగిరితే ఊరే ఎదురొస్తుంది.

వాస్తవం: గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది, కాబట్టి ఆ లాభం లేదు. పైగా విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి వీస్తుంది. అందుకే డల్లాస్ నుంచి దుబాయ్‌కి వచ్చేటప్పుడే గంటకు పైగా కలిసొస్తుంది.

అపోహ: పోయేటప్పుడు పన్నెండున్నర గంటలే, వచ్చేటప్పుడు ఒకటిన్నర రోజు.

వాస్తవం: టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర. డిసెంబరులో శనివారం రాత్రి 10కి ఇక్కడ ఎక్కి, మొత్తం 24 గంటలు ప్రయాణం చేసినా అక్కడ దిగేది ఆదివారం పొద్దున పదిన్నరకు. తిరుగు ప్రయాణంలో అవే 24 గంటలు గడియారంలో ముప్పై అయిదున్నర అవుతాయి. షుగర్ మాత్రల గురించి డాక్టరును అడిగేటప్పుడు ఈ 24 గంటల లెక్కే చెప్పండి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది మాత్రం తెల్లవారుజాము విమానాలు. టికెట్ మీద 15వ తేదీ 03:50 అని ఉంటుంది. మనవాళ్ల మాటలో అది 14వ తేదీ రాత్రి. ఒక పెద్దాయన నాలుగు సూట్‌కేసులతో 15 రాత్రి ఎయిర్‌పోర్టుకు వెళ్లి నాకు ఫోన్ చేశారు. అప్పటి నుంచి టికెట్ కాగితం మీద ఎర్ర పెన్నుతో "14 రాత్రి భోంచేసి బయల్దేరాలి" అని రాసి ఇస్తున్నా.