పాత హార్మోనియం పెట్టెలు: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో హార్మోనియం రిపేర్లు చేస్తుంటాను. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి నుంచి, అటు రాయగడ వైపు చర్చిల నుంచి కూడా పెట్టెలొస్తాయి. ఎవరొచ్చినా ముందు అనే మాట ఒకటే, అందుకే రాస్తున్నా.

అపోహ: "శ్రుతి పోయిందంటే రీడ్లు పోయినట్టే, ఇంక అమ్మేయడమే"

బాబూ, ఇత్తడి రీడ్, అంటే గాలికి అదిరి స్వరం పలికే సన్నటి రేకు, అంత తొందరగా చావదు. ముందుగా పాడయ్యేవి తోలు, ఫెల్టు, బెలోస్ (గాలి కొట్టే తిత్తి) గుడ్డ, స్ప్రింగులు. ఇవన్నీ మార్చుకోగలిగినవే. ఎవరి దగ్గరికీ వెళ్ళకముందే ఇంట్లో ఈ పని చెయ్యండి. స్టాపులన్నీ (గాలి దారులు తెరిచి మూసే పిడులు) మూసి గాలి నింపి వదలండి, గబగబా దిగిపోతే లీకు బెలోస్ వైపు ఉంది. అలా మూసినప్పుడు నిలబడి, స్టాపులు తెరిచాక మెట్టు (వేలితో నొక్కే కీ) ముట్టుకోకుండానే దిగిపోతున్నా, ఏదో ఒక స్వరం దానంతటదే మోగుతున్నా మెట్టు కింద తోలు సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట. మనకి గోపాల్‌పూర్ సముద్రగాలి దగ్గర కదా, వానల్లో చెక్క ఉబ్బి మెట్టు బిగుసుకుపోతుంది, అప్పుడూ ఇంతే. ఒక్క స్వరమే మూగబోతే చాలాసార్లు రీడ్‌కీ ఫ్రేముకీ సందులో నలుసు ఇరుక్కుని ఉంటుంది. పల్చటి కాగితం ముక్క రివెట్ (రీడ్‌ని ఫ్రేముకి బిగించే మేకు) వైపు నుంచి కొసదాకా జారిస్తే వచ్చేస్తుంది. సూదితో పైకి లాగొద్దు, రీడ్ వంగిపోతుంది.

పర్లాకిమిడి వైపు నుంచి ఒకాయన వాళ్ళ నాన్నగారి పెట్టె తెచ్చారు. నాన్నగారు పద్య నాటకాలకి వాయించేవారట. ఎవరో రీడ్లు అయిపోయాయని చెప్పి కట్టెల రేటుకి అడిగారంట, ఆయన రాత్రంతా నిద్రపోలేదు. విప్పి చూస్తే ఎలుకలు బెలోస్ కొరికేశాయి, చెక్క చీలిపోయింది, రీడ్లమీద పచ్చగా చిలుము, అంతే. మెత్తటి బ్రష్‌తో ఆ చిలుము తీసి ఒక్కో రీడ్ మీటుతుంటే ఎంత శుభ్రంగా పలికాయో! అలాంటి రీడ్ల కోసమే కట్టెల బేరాలు పెడతారు, బాధేస్తుంది.

అపోహ: "రెండు పాత పెట్టెలు కలిపి కట్టింది పలకదు"

పలుకుతుంది, పద్ధతిగా కడితే. ఆ పర్లాకిమిడి ఆయనకి అలాగే కట్టాను. ఒక భజన మండలి వాళ్ళు వదిలేసిన పెట్టె ఉంది, బెలోస్ గట్టిది, రీడ్లు మాత్రం ఎవరో గీకి గీకి నాశనం చేశారు. నాన్నగారి రీడ్ బోర్డు (రీడ్లన్నీ బిగించిన పలక) మొత్తం, ఒక్క రీడ్ కూడా ఊడదియ్యకుండా, తెచ్చి అందులో కూర్చోబెట్టి అంచుల్లో తోలు వేశాను. రెండిట్లోనూ మెట్ల ఎడం ఒకటే కాబట్టి కుదిరింది, లేకపోతే చెయ్యను. పది రీడ్లు ఇక్కడివి, పది అక్కడివి ఏరి కలిపితే ఫ్రేముల సైజు తేడాకి గాలి పోతుంది, నాదం కూడా ఒక్కో మెట్టుకి ఒక్కోలా ఉంటుంది. కూర్చోబెట్టాక మొత్తం ఒకేసారి శ్రుతి చెయ్యాలి. కొస దగ్గర గీకితే స్వరం ఎక్కుతుంది, రివెట్ దగ్గర గీకితే దిగుతుంది, తీసేసిన ఇత్తడి మళ్ళీ అతకదు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని బ్లేడుతో మొదలెట్టేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి దయచేసి. ఆయన వచ్చి ఐదున్నర శ్రుతిలో రాగం తీసి చాలాసేపు వాయిస్తూనే ఉన్నారు.

అపోహ: "ఎండకి శ్రుతి మారిపోతుంది"

అది చర్చిల్లో ఉండే గొట్టాల ఆర్గన్ సంగతి. గాలి వేడెక్కితే గొట్టం స్వరం పెరుగుతుంది, 10 డిగ్రీలకి దాదాపు 30 సెంట్లు, అంటే అరస్వరంలో మూడో వంతు. హార్మోనియంలో పలికేది లోహపు రీడ్, దానికి వేడితో వచ్చే తేడా చాలా తక్కువ.

అపోహ: "జర్మన్ రీడ్ అని రాసుంటే చాలు"

రాతని కొనకండి, వాయించి వినండి. గుజరాత్ పాలితానా రీడ్లలో మంచివి బోలెడున్నాయి.

నూనె, కిరసనాయిలు రీడ్ల మీద పొయ్యొద్దు, దుమ్ము అంటుకుపోతుంది. హార్మోనియం శాస్త్రీయ సంగీతానికి పనికిరాదు, రేడియోలోనే నిషేధించారు అంటారు కొందరు. ఆకాశవాణి 1940లో ఆపింది నిజమే, 1971లో చాలావరకు ఎత్తేసింది కూడా.

పెట్టె తెచ్చేటప్పుడు స్టాపులు మూసి, బెలోస్ కొక్కెం పెట్టి తీసుకురండి. విరిగిన రీడ్ ఉంటే ఆ ముక్కలు పారెయ్యకుండా అగ్గిపెట్టెలో వేసి తెండి, దాని పొడవు, వెడల్పు చూస్తేనే పాత పెట్టెల్లోంచి సరిపోయేది వెతకగలను.