పాత లెక్కల మిషన్లు: రిపేరు బల్ల దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హైదరాబాద్ కోఠీలో టైప్‌రైటర్లు, పాత కాలిక్యులేటర్లు బాగుచేయడం నా పని. ఒకప్పుడు సరుకంతా ఆఫీసుల నుంచి వచ్చేది, ఇప్పుడు ఇళ్ల నుంచి వస్తోంది. తాతగారి బీరువాలో దొరికిన, హ్యాండిల్ తిప్పి లెక్క చేసే ఫాసిట్ మిషన్, నాన్న సౌదీ నుంచి తెచ్చిన కాసియో కాలిక్యులేటర్, పాత సామాన్లు అమ్మే జుమేరాత్ బజార్‌లో బేరమాడి కొన్న స్లైడ్ రూల్ (గీతల బద్దను జరిపి లెక్క చూసే సాధనం). తెచ్చేవాళ్లకు వాటి మీద నిజమైన ప్రేమ ఉంటుంది. దాంతోపాటు ఎక్కడెక్కడో విన్న మాటలూ ఉంటాయి. ఆ మాటలు నమ్మి ఇంట్లో చేసిన ప్రయోగాల వల్లే చాలా మిషన్లు పాడవుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చేతి మిషన్ హ్యాండిల్ బిగుసుకుపోతే నూనె బాగా పోసి గట్టిగా తిప్పాలి.

వాస్తవం: దయచేసి ఈ పని మాత్రం చేయకండి. బిగుసుకుపోయిన మిషన్లలో ఎక్కువ వాటికి విరిగిందేమీ ఉండదు. ఏళ్ల కిందట వేసిన నూనె, గ్రీజు ఎండి జిగురులా గట్టిపడి ఉంటుంది. దాని మీద మన ఊరి దుమ్ము పేరుకుంటుంది. పైనుంచి మళ్లీ నూనె పోస్తే ఆ దుమ్ము ముద్దగా మారి ఇంకా లోపలికి దిగుతుంది. అప్పుడు బలవంతంగా తిప్పారంటే, అప్పటిదాకా బాగానే ఉన్న చిన్న మీట ఒకటి వంగిపోతుంది. దానికి స్పేర్ దొరకదు. పద్ధతేమిటంటే, పై కవరు విప్పి, పాత జిడ్డును వైట్ స్పిరిట్‌తో కొద్దికొద్దిగా కడిగి, నానబెట్టి, మెల్లగా అటూ ఇటూ ఆడించడం. కదలిక వచ్చాక ఇరుసుల దగ్గర మాత్రం సూది మొనతో పల్చటి నూనె ఒక చుక్క. ఓపిక పట్టాల్సిన పని ఇది. ఒక్కోసారి రోజులు పడుతుంది.

అపోహ: చేతి మిషన్ కూడికలు, తీసివేతలు తప్ప ఏమీ చేయలేదు.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇదే. కవరు తీసి చూపిస్తే ఎవరైనా ఆశ్చర్యపోతారు. లోపల వరుసగా చక్రాలుంటాయి, ఒక్కో చక్రానికి లోపలికి ముడుచుకునే తొమ్మిది పళ్లు. మీరు 7 పెడితే ఏడు పళ్లు బయటికొస్తాయి. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే ఆ ఏడు పళ్లు జవాబు చక్రాన్ని ఏడు గళ్లు జరుపుతాయి. జవాబు చక్రం 9 దాటి 0కి రాగానే ఒక మీట లేచి పక్క చక్రాన్ని ఒక గడి ముందుకు తోస్తుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన స్వీడన్ ఇంజనీర్ ఓడ్నర్ 19వ శతాబ్దంలో ఈ ఏర్పాటుతో మిషన్లు చేసి అమ్మాడు. ఫాసిట్ చేతి మిషన్లలో ఉన్నదీ ఈ రకం పళ్ల చక్రమే.

ఇక గుణకారం. 356ను 98తో గుణించాలి. తెలియనివాళ్లు ఒకట్ల స్థానంలో ఎనిమిది చుట్లు, పదుల స్థానంలో తొమ్మిది చుట్లు, మొత్తం పదిహేడు చుట్లు తిప్పుతారు. 98 అంటే వందకు రెండు తక్కువ కాబట్టి, చేయి తిరిగిన గుమాస్తా జవాబు గళ్ల పెట్టెను వందల స్థానానికి జరిపి ఒక చుట్టు ముందుకు తిప్పుతాడు, 35600. ఒకట్ల స్థానానికి వచ్చి రెండు చుట్లు వెనక్కి తిప్పుతాడు, 34888. మూడు చుట్లతో లెక్క అయిపోయింది.

భాగహారం ఇంకా ముచ్చటగా ఉంటుంది. హ్యాండిల్ వెనక్కి తిప్పి తీసివేస్తూ పోతారు. సున్నా కంటే కిందికి దిగిన క్షణం గంట మోగుతుంది. ఒక చుట్టు ముందుకు తిప్పి సరిచేసి, స్థానం జరిపి, మళ్లీ మొదలు. గంట మోగడం రిపేరు అనుకుని దాన్ని పీకేసి తెచ్చినవాళ్లూ ఉన్నారు. గంట లేకపోతే భాగహారం చేసేవాడు గుడ్డివాడే.

వర్గమూలం కూడా వస్తుంది. బేసి సంఖ్యలను వరుసగా కూడితే వర్గాలు వస్తాయి కదా. 49లోంచి 1, 3, 5, 7, 9, 11, 13 తీసేస్తే సున్నా. ఏడుసార్లు తీశాం కాబట్టి జవాబు 7. స్థానాలు జరుపుకుంటూ ఇదే పద్ధతిలో పెద్ద సంఖ్యలకూ వెళ్లొచ్చు.

అపోహ: పాత మిషన్లతో రూపాయి, అణా, పైల లెక్కలు చకచకా చేసేవారు.

వాస్తవం: పది అంకెల చక్రానికి అణా తెలియదు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. చక్రమేమో 9 తర్వాత 0కే తిరుగుతుంది. మొత్తాన్ని పైల్లోకి మార్చి లెక్కవేసి మళ్లీ వెనక్కి మార్చాలి, లేదా జవాబులు ముందే లెక్కకట్టి అచ్చువేసిన రెడీ రెకనర్ పుస్తకం తెరవాలి. మన హైదరాబాద్‌లో కష్టం ఇంకో మెట్టు ఎక్కువ. నిజాం సొంత రూపాయి అయిన ఉస్మానియా సిక్కా వేరు, బ్రిటిష్ ఇండియా రూపాయి వేరు. అక్కడి వంద రూపాయలకు ఇక్కడి సిక్కా 116 రూపాయల 10 అణాల 8 పైలు. అంటే ఆరుకు ఏడు. ఈ మార్పిడి నోటితో చేసేసిన మునీంల (దుకాణం లెక్కలు రాసేవాళ్ల) తెలివి ముందు ఏ మిషనైనా తలవంచాల్సిందే. 1957 ఏప్రిల్ 1న దేశంలో నయా పైసలు వచ్చాయి, 1959లో సిక్కా చెలామణి ముగిసింది. పది అంకెల మిషన్‌కు దుకాణం లెక్కల్లో సుఖం దొరికింది ఆ తర్వాతే.

అపోహ: కాలిక్యులేటర్ కనిపెట్టింది కాసియో.

వాస్తవం: గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి సూట్‌కేసులో అదే ఉండేది కాబట్టి మన ఇళ్లలో ఈ మాట నిలిచిపోయింది. ఫ్రెంచ్ గణిత శాస్త్రజ్ఞుడు పాస్కల్ 1642లోనే కూడికల యంత్రం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లో థామస్ అరిథ్మోమీటర్ అనే తన లెక్కల యంత్రానికి 1820లో పేటెంట్ తీసుకున్నాడు. కాసియో 1957లో తెచ్చిన 14-ఏ జేబులో పట్టేది కాదు, బల్లంత ఉంటుంది. 342 రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), 140 కిలోల బరువు. పూర్తి ఎలక్ట్రానిక్ డెస్క్ కాలిక్యులేటర్‌గా ముందొచ్చింది ఇంగ్లండ్ వారి అనిత, 1961లో. జేబులో పట్టే సైంటిఫిక్ కాలిక్యులేటర్ అంటే 1972 నాటి హెచ్‌పీ-35, అప్పట్లో 395 డాలర్లు.

అపోహ: పాత కాలిక్యులేటర్లలో బంగారం, ఎర్ర పాదరసం ఉంటాయి.

వాస్తవం: ఎర్ర పాదరసం అనేది మోసగాళ్లు పుట్టించిన కథ. పాత రేడియోలు, టీవీల పేరుతో ఆడిన నాటకమే ఇక్కడా ఆడుతున్నారు. బంగారం మాత్రం ఉంది, అయితే ఎంత? 1970ల నాటి తెల్ల సిరామిక్ చిప్‌ల మీద, కీబోర్డు కాంటాక్టుల మీద కంటికి మెరిసే పూత. దాని మందం మైక్రాన్లలో ఉంటుంది. దానికోసం ఆమ్లంలో వేసి ఉడికించేవాళ్లు ఊపిరితిత్తులు పాడుచేసుకుంటున్నారు, పక్కింటివాళ్ల గాలినీ పాడుచేస్తున్నారు. ఎర్రగా వెలిగే చక్కటి అంకెల మిషన్ ఒకటి పోతుంది, చేతికి వచ్చేది ఏమీ ఉండదు.

అపోహ: మనిషి స్లైడ్ రూల్‌తో లెక్కవేసుకుంటూ చంద్రుడి మీదికి వెళ్లాడు.

వాస్తవం: అపోలో యాత్రల్లో కొన్నిటికి పికెట్ కంపెనీ స్లైడ్ రూల్ తీసుకెళ్లారు, అది నిజం. నౌకకు దారి చూపింది మాత్రం అందులోని గైడెన్స్ కంప్యూటర్, భూమ్మీది పెద్ద కంప్యూటర్లు. స్లైడ్ రూల్ మూడు అంకెల దాకా నమ్మకంగా చెబుతుంది. కూడిక చేయదు. దశాంశ బిందువు ఎక్కడో మనమే మనసులో పెట్టుకోవాలి. ఆ అలవాటు వల్లే పాత ఇంజనీర్లకు జవాబు చూడగానే సబబుగా ఉందో లేదో తెలిసిపోయేదని నా నమ్మకం.

అపోహ: మిషన్ చెప్పిందంటే తప్పు ఉండదు.

వాస్తవం: 2 + 3 × 4 నొక్కండి. మామూలు కాలిక్యులేటర్ 20 అంటుంది, సైంటిఫిక్ 14 అంటుంది. శాతం మీట ఇంకా గమ్మత్తు. 100 + 20 % అంటే చాలావాటిలో 120 వస్తుంది, కొన్ని మోడళ్లలో 125 వస్తుంది, ఎందుకంటే అవి అమ్మకం ధరలో 20 శాతం లాభం అని లెక్క కడతాయి. రెండూ చెడిపోలేదు. నిజంగా తప్పు చేసినదీ ఉంది: తొలి హెచ్‌పీ-35ల్లో 2.02కి సహజ లాగరిథమ్ తీసి మళ్లీ వెనక్కి మారిస్తే 2 వచ్చేది. కంపెనీ దాన్ని ఒప్పుకుని సరిచేసింది.

అపోహ: వాడకుండా దాచిపెడితే ఎప్పటికీ భద్రం.

వాస్తవం: సెల్స్ లోపలే ఉంచి దాచిపెట్టడమంత చెడ్డ పని లేదు. కారిన సెల్స్ నుంచి వచ్చే క్షారం రాగి దారుల్ని తినేస్తుంది. పచ్చగా, తెల్లగా పొడి కనిపిస్తే వెనిగర్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి. అడాప్టర్ పెట్టే ముందు ప్లస్, మైనస్ తప్పకుండా చూడండి. పాత మోడళ్లలో చాలావాటికి మధ్య పిన్ను మైనస్ ఉంటుంది. ఇప్పటి అడాప్టర్ గుచ్చితే ఒక్క క్షణంలో చిప్ పోతుంది, ఆ చిప్ మళ్లీ ఎవరూ తయారుచేయరు.

అపోహ: పాతదైతే చాలు, లక్షలు పలుకుతుంది.

వాస్తవం: లక్షల్లో తయారైన మోడల్‌కు వయసు వల్ల ధర రాదు. బూఖెన్‌వాల్డ్ నాజీ శిబిరంలో ఖైదీగా ఉంటూ కుర్ట్ హెర్జ్‌స్టార్క్ గీసిన నమూనా నుంచి పుట్టిన కుర్టా లాంటివి వేరు. అరచేతిలో ఇమిడే ఆ చేతి మిషన్‌కు ప్రపంచమంతా అభిమానులున్నారు. మిగతావాటికి పనితీరు, అసలు రంగు, పెట్టె, పుస్తకం చూస్తారు. రంగు వేయించకండి, ఉన్న విలువ కూడా పోతుంది.

జుమేరాత్ బజార్‌లో చేతి మిషన్ కనిపిస్తే కొనేముందు రెండు పరీక్షలు చేయండి. 12345679 పెట్టి తొమ్మిది చుట్లు తిప్పండి, తొమ్మిది ఒకట్లు రావాలి. తర్వాత జవాబు గళ్లలో వరసగా తొమ్మిదులు నింపి ఒకటి కలపండి, అన్నీ సున్నాలై ముందుకు ఒకటి చేరాలి. మధ్యలో ఏదో ఒక గడిలో 9 అలాగే ఉండిపోతే, ఆ గడి దగ్గరి మీట జిడ్డులో ఇరుక్కుంది. అది కడిగితే పోయే జబ్బే. ధర కొంచెం తగ్గించమని అడిగి తీసుకోండి.