పిల్లికి హెర్పిస్ అంటే భయపడకండి, కానీ అడగకుండా కంట్లో చుక్కలు వేయకండి: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకావిడ ఏడు నెలల పర్షియన్ పిల్లిని తువాల్లో చుట్టుకుని క్లినిక్‌కి వచ్చారు. పది రోజుల నుంచి తుమ్ములు, ముక్కు కారడం, ఎడమ కన్ను తెరవట్లేదు. ఇంటి దగ్గర మెడికల్ షాప్‌లో అడిగితే కంటి చుక్కలు ఇచ్చారంట, వేస్తే రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, హమ్మయ్య అనుకున్నారు, ఆ తర్వాత కంటి మీద పాలపొర లాగా వచ్చేసింది. సీసా ఉందా అండి అంటే బ్యాగ్‌లోంచి తీసిచ్చారు. చిన్న అక్షరాల్లో యాంటీబయాటిక్ పేరు, దాని పక్కనే డెక్సామెథసోన్. అంటే స్టెరాయిడ్.

ఫ్లోరెసిన్ అనే రంగు పూసిన కాగితం స్ట్రిప్‌ని సెలైన్ చుక్కతో తడిపి కంట్లో తాకించి, కడిగి, రూమ్‌లో లైట్లు ఆపేసి నీలం లైట్ వేసి ఆవిడకే చూపించా. బాగున్న కంటికి ఆ రంగు పట్టదు, కడిగితే పోతుంది. ఈ పిల్లికి నల్లగుడ్డు మీద కందిగింజంత మేర ఆకుపచ్చగా వెలిగింది, దాని అంచుల నుంచి సన్నగా ఎండు కొమ్మల్లాగా గీతలు. ఆ కొమ్మల ఆకారం కనపడిందంటే ఇక పెద్దగా అనుమానం అక్కర్లేదు, హెర్పిస్ వైరస్ చేసే పుండు అలాగే ఉంటుంది.

ఆ మాట చెప్పగానే ఆవిడ మొదట అడిగింది పిల్లి గురించి కాదు. "మేడం, ఇంట్లో చిన్నపాప ఉంది, పాపకి అంటుకుంటుందా?" అని.

అపోహ: పిల్లి హెర్పిస్ మనకి అంటుకుంటుంది

అంటుకోదండి. మనుషుల పెదాల మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వేరు, ఇది వేరు. దీని పేరు ఫెలైన్ హెర్పిస్ వైరస్-1, 1958లో అమెరికాలో మొదటిసారి పిల్లుల నుంచి వేరు చేశారు, పిల్లి జాతి జంతువులకే వస్తుంది. మనకి రాదు, కుక్కకీ రాదు. గర్భిణీలు కూడా దీని గురించి భయపడక్కర్లేదు. కానీ ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి మాత్రం చాలా తేలిగ్గా అంటుకుంటుంది, తుమ్ము తుంపర్లు, కంటి నీళ్ళు, ఒకే గిన్నెలో తినడం, ఆఖరికి మన చేతులు. జబ్బు పిల్లిని పట్టుకుని చేతులు కడుక్కోకుండా పక్క గదిలో కూనల్ని ఎత్తుకుంటే మోసుకెళ్ళింది మనమే. హెర్పిస్ అనే పేరు విని పరువు సమస్యలాగా ఫీలై, బయట చెప్పుకోలేక, ఆ పిల్లిని వదిలేద్దామా అని అడిగిన వాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి అలా చేయకండి.

అపోహ: ఇది మామూలు జలుబు, యాంటీబయాటిక్ ఐదు రోజులు వేస్తే పోతుంది

యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. వైరస్ ముక్కు లోపలి పొరని, కంటి పొరని పాడు చేశాక ఆ పచ్చి పుండు మీద బ్యాక్టీరియా చేరుతుంది, అప్పుడు చీమిడి పచ్చగా చిక్కగా అవుతుంది, మేం యాంటీబయాటిక్ రాసేది దానికోసం. నీళ్ళలాంటి చీమిడి, నాలుగు తుమ్ములు, పిల్లి బాగా తింటోంది, ఆడుతోంది అంటే చాలాసార్లు యాంటీబయాటిక్ లేకుండానే కొన్ని రోజులు చూద్దాం అంటాం. ఏమీ రాయకుండా పంపారేంటి అని కొంతమందికి కోపం వస్తుంది, కానీ అవసరం లేని మందు ఇవ్వకపోవడం కూడా వైద్యమే అని నేను గట్టిగా నమ్ముతా.

రాసినప్పుడు ఎక్కువగా డాక్సీసైక్లిన్ రాస్తాం, ఇక్కడ ఒక విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఆ మాత్ర పిల్లికి ఉత్తగా మింగిస్తే అన్నవాహికలో అతుక్కుపోతుంది, అక్కడే కరిగి పుండు చేస్తుంది, ఆ పుండు మానేటప్పుడు గొట్టం ముడుచుకుపోతుంది, తర్వాత ఆ పిల్లి తిన్నదంతా కక్కేస్తుంది. కాబట్టి మాత్ర వేసిన వెంటనే సూది లేని సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్ళు బుగ్గ పక్కనుంచి మెల్లగా పట్టండి, లేదా వెంటనే కొంచెం తడి ఫుడ్ తినిపించండి.

అపోహ: కన్ను ఎర్రగా ఉంటే ఏ కంటి చుక్కలైనా పర్వాలేదు, మనుషులవే కదా

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు వేస్తే వాపు, ఎరుపు తగ్గుతాయి, అందుకే మందు పనిచేసింది అనిపిస్తుంది. లోపల జరిగేది పూర్తిగా వేరే. వైరస్‌తో పోరాడే శక్తిని ఆ చోట స్టెరాయిడ్ అణిచేస్తుంది, పుండు మానకుండా ఆపుతుంది, పైపొర మీద ఉండాల్సిన పుండు లోతుకి దిగుతుంది, ఇంకా వదిలేస్తే కన్ను చిల్లు పడొచ్చు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, చివర్లో 'సోన్' 'లోన్' అని ఏది కనపడినా నాలాంటి డాక్టర్ ఎవరైనా రంగు వేసి పుండు లేదని చూసేదాకా కంట్లో వేయకండి. ఆ టెస్ట్‌కి రెండు నిమిషాలు పట్టదు.

ఇక ఆముదం, పసుపు నీళ్ళు, తల్లిపాలు, తేనె, ఇవేవీ వద్దు. మా అమ్మమ్మ కూడా మాకు చిన్నప్పుడు కంట్లో ఆముదం వేసింది, ఆమె ప్రేమ మీద నాకు అనుమానం లేదు, కానీ పుండు ఉన్న కంట్లో అది పోయకూడదు. మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది: కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి పుసులు మెత్తబడేదాకా కంటి మీద ఆనించి, లోపలి మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయండి. రెండో కంటికి కొత్త దూది. కూనలకి ఇది ఇంకా ముఖ్యం, రెప్పలు అతుక్కుపోయి లోపల చీము నిలిస్తే కన్నే పోతుంది.

అపోహ: హెర్పిస్ కాబట్టి మనుషుల హెర్పిస్ మాత్ర సగం చేసి ఇస్తే సరిపోతుంది

ఇది చదివే వాళ్ళలో ఒక్కరైనా ఆగితే చాలు. వాలసైక్లోవిర్ పిల్లికి విషం. కాలేయం, కిడ్నీలు, ఎముక మజ్జ దెబ్బతిని చనిపోతుంది, మోతాదు తగ్గించినా ఇవ్వకూడని మందు అది. అసైక్లోవిర్ మాత్రలు కూడా వద్దు, పిల్లి వైరస్ దానికి సరిగ్గా లొంగదు, లొంగేంత మోతాదు ఇస్తే మజ్జ, కిడ్నీలు పాడవుతాయి. అసైక్లోవిర్ కంటి ఆయింట్‌మెంట్ మాత్రం వేరే లెక్క, డాక్టర్ చెప్తే రోజుకి ఐదుసార్లు దాకా వాడతాం, కానీ దాన్ని నాలుగైదు గంటలకోసారి ఓపిగ్గా వేయగలగాలి. గాన్సైక్లోవిర్ జెల్ కూడా అలా వాడేదే.

నోటి ద్వారా పిల్లికి ఇవ్వగలిగింది ఫామ్‌సైక్లోవిర్. ఇది కూడా మనుషుల మందే, మామూలుగా 250, 500 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. దీని మోతాదు చూసి కొంతమంది మెడికల్ షాప్ వాళ్ళే ఆశ్చర్యపోయి నాకు ఫోన్ చేస్తారు, నాలుగు కిలోల పిల్లికి ఇంతా అని. కారణం ఉంది. ఈ మందు ఒంట్లోకి వెళ్ళాక మారితేనే పనిచేసే పెన్సైక్లోవిర్ అవుతుంది, ఆ మార్పు చేసే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ, అందుకే కిలోకి 90 మిల్లీగ్రాములు చొప్పున రోజుకి రెండుసార్లు ఇవ్వాల్సి వస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే తగ్గిస్తాం, ఎక్కువ రోజులు వాడితే మధ్యలో రక్తపరీక్ష చేయిస్తాం. అందుకే ఈ లెక్క చూసి ఇంట్లోనే మొదలుపెట్టేయకండి, పిల్లిని చూడకుండా రాసే మందు కాదు.

అసలు కష్టం మింగించడం. ఇది చేదు, నాలుక మీద తగిలితే నురగలు కక్కుతుంది, మీరు విషం పెట్టానేమో అని హడలిపోతారు, అది చేదుకే. ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో ముక్కలు నింపి బయట వెన్న రాయండి. పిల్లిని తువాల్లో మెడ దాకా గట్టిగా చుట్టి మీ మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకోండి, దాని వీపు మీ వైపు ఉండాలి. ఎడమ చేత్తో పైనుంచి చెంప ఎముకల దగ్గర పట్టుకుని ముక్కు కొంచెం పైకి ఎత్తితే కింది దవడ దానంతట అదే వదులవుతుంది, కుడిచేతి వేలితో కింది పళ్ళు నొక్కి నాలుక వెనక మధ్యలో వేసేయండి, ముక్కు మీద మెల్లగా ఊదండి, మింగుతుంది. వెనకే నీళ్ళు. మొదటి రెండు రోజులు రక్కుతుంది, మూడో రోజుకి మీ చేతికి అలవాటవుతుంది, నిజంగా.

కంటి మందులు రెండు ఉంటే ముందు చుక్కలు, ఐదు నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్. కన్ను గోక్కోకుండా మెడకి గరాటులా వేసే కోన్ తీయకండి, అది పాపం బాధపడుతోంది అని తీసేస్తారు, ఒక్కసారి గోకితే వారం వైద్యం పోతుంది.

అపోహ: లైసిన్ (ఒక అమైనో ఆమ్లం) పౌడర్ రోజూ తిండిలో కలిపితే హెర్పిస్ రాదు

నేనే ఒకప్పుడు రాసేదాన్ని, మాకు అలాగే చెప్పారు. తర్వాత పిల్లుల మీద చేసిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి 2015లో చూస్తే పనిచేస్తుందన్న ఆధారం దొరకలేదు, షెల్టర్లలో కొన్నిచోట్ల లైసిన్ తిన్న పిల్లులకే జబ్బు ఎక్కువ కనపడింది. రాయడం మానేశా. ఆ డబ్బు వ్యాక్సిన్‌కి పెట్టండి.

అపోహ: జలుబే కదా, కొంచెం విక్స్, జ్వరానికి పారాసిటమాల్

పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు. దాన్ని విరిచేసే పద్ధతి పిల్లి కాలేయానికి లేదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు గోధుమ రంగులోకి తిరుగుతాయి, మొహం వాస్తుంది. పొరపాటున ఇచ్చి ఉంటే సిగ్గుపడి దాచకండి, ఎన్నింటికి ఎంత ఇచ్చారో చెప్పండి, విరుగుడు మందు ఉంది, గంటలు లెక్క.

విక్స్, జండూ బామ్, కర్పూరం, నీలగిరి తైలం ఇవేవీ పిల్లి దగ్గరికి కూడా రానివ్వకండి, వాసన పీల్చినా, ఒళ్ళు నాకినా ప్రమాదమే. మనుషుల ముక్కు చుక్కలు కూడా మీ అంతట మీరు వేయొద్దు. ఆవిరి పట్టాలంటే బాత్రూంలో వేడినీళ్ళు వదిలి తలుపేసి పిల్లితో పాటు మీరూ పది నిమిషాలు కూర్చోండి, నీళ్ళలో ఏమీ కలపకుండా. నెబులైజర్ ఉంటే ఉత్త సెలైన్.

తిండి గురించి ఎవరూ అడగరు కానీ నేను రోజూ మొదట అడిగేది అదే. పిల్లి వాసన చూసే తింటుంది, ముక్కు బిగుసుకుంటే ఆకలి ఉన్నా గిన్నె దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది. చేపనో తడి ఫుడ్‌నో గోరువెచ్చగా చేసి ముక్కు తుడిచాక పెట్టండి. రెండు రోజులు అసలు తినకపోతే, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లి అయితే, కాలేయానికి కొవ్వు పడుతుంది, అది హెర్పిస్ కంటే పెద్ద గొడవ. ఇక పాలు పట్టొద్దు, చాలా పెద్ద పిల్లులకి అరగవు.

అపోహ: వ్యాక్సిన్ వేయించాం కాబట్టి హెర్పిస్ అయ్యే ఛాన్సే లేదు

ట్రైక్యాట్ అని మనం పిలిచే వ్యాక్సిన్‌లో హెర్పిస్, కాలిసి (జలుబు, నోటి పుండ్లు తెచ్చే ఇంకో వైరస్), పాన్‌ల్యూకోపీనియా (వాంతులు, విరేచనాలతో తెల్ల రక్తకణాలు పడిపోయే వైరస్ జబ్బు) మూడూ ఉంటాయి. పాన్‌ల్యూకోపీనియాని గట్టిగా ఆపుతుంది. హెర్పిస్‌ని పూర్తిగా ఆపదు, కానీ వచ్చినా తేలిగ్గా పోయేలా చేస్తుంది, ఆ తేడా కూనల్లో ప్రాణానికీ కంటికీ సంబంధించినది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా, తర్వాత బూస్టర్. ఒక్కటి వేయించి వదిలేసిన వాళ్ళే ఎక్కువ కనపడతారు నాకు.

అపోహ: ఒకసారి తగ్గింది, ఇక పోయినట్టే

పోదు. ఎక్కువ శాతం పిల్లుల్లో వైరస్ మొహానికి వెళ్ళే నరం గుబ్బలో దాక్కుని జీవితాంతం ఉంటుంది. ఒత్తిడి వస్తే లేస్తుంది, అదీ వెంటనే కాదు, సుమారు వారం తర్వాత. అందుకే మీకు కారణం తట్టదు. ఊరెళ్తూ బోర్డింగ్‌లో వదిలారు, తిరిగొచ్చాక తుమ్ములు మొదలవుతాయి. ఇల్లు మారారు, కొత్త పిల్లిని తెచ్చారు, దీపావళి టపాసులకి మూడు రోజులు మంచం కింద ఉంది, ఇవన్నీ అంతే. ఈనిన తల్లిపిల్లి పాలిచ్చే రోజుల్లో తనకి ఏమీ లేకుండానే కూనలకి ఇచ్చేస్తుంది. దురదకని ఎక్కువ రోజులు పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నా తిరగబెడుతుంది, కాబట్టి పాత హెర్పిస్ ఉంటే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ముందే చెప్పండి.

కొత్త పిల్లి వస్తే రెండు వారాలు వేరే గది, వేరే గిన్నెలు. హెర్పిస్ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, తడిలో ఒక రోజు లోపే, బ్లీచ్ కలిపిన నీళ్ళతో తుడిస్తే చస్తుంది.

ఇంకో మాట, కన్ను కారే ప్రతి పర్షియన్‌కీ హెర్పిస్ కాదు. వాటి చప్పి మొహానికి కన్నీటి దారి వంకర తిరిగి ఉంటుంది, ఊరికే కారుతుంది. క్లమిడియా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, నోట్లో పుండ్లు ఉంటే కాలిసి ఉండొచ్చు. పీసీఆర్ (వైరస్ జన్యువుని వెతికే టెస్ట్) పాజిటివ్ వచ్చినా అదొక్కటే చాలదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లికీ రావచ్చు.

ఆ ఏడు నెలల పిల్లి నిన్న మళ్ళీ వచ్చింది. మూడు వారాలు ఫామ్‌సైక్లోవిర్, చుక్కలు, కోన్, ఆవిడ ఫోన్‌లో అలారాలు పెట్టుకుని ఒక్కటి కూడా మిస్ చేయలేదు. లైట్లు ఆపి నీలం లైట్ వేశా, ఎక్కడా ఆకుపచ్చ పట్టలేదు. నల్లగుడ్డు మీద బూడిద రంగు మచ్చ ఒకటి ఉండిపోయింది, కానీ ఆ కంటి ముందు వేలు ఊపితే పంజాతో కొట్టింది.