గాలి రిట్రాక్ట్స్, రేడియో బిగింపు: అపోహలు - వాస్తవాలు

పీ-51 ముస్టాంగ్ లాంటి యుద్ధ విమానానికి రేడియోతో ఎగరేసే మోడల్ కట్టినవాళ్లకి, నేల వదలగానే చక్రాలు రెక్కల్లోకి ముడుచుకోవడం చూడాలని ఉంటుంది. అందుకే గాలి ఒత్తిడితో చక్రాల్ని ముడిచి దింపే రిట్రాక్ట్స్ పెట్టుకుంటారు. అవి మొరాయించాయని నా దగ్గరికి తెచ్చే మోడల్స్‌లో ఎక్కువ భాగం సామాను బాగానే ఉంటుంది. తేడా బిగింపులో ఉంటుంది.

అపోహ: గాలి రిట్రాక్ట్స్ ఎప్పుడూ లీకవుతూనే ఉంటాయి.

నేనూ అలాగే నమ్మాను. నా మొదటి ముస్టాంగ్ ఎడమ చక్రం సగం దిగి ఆగిపోయింది. పొట్ట మీద దించాల్సి వచ్చింది, ప్రొపెల్లర్ విరిగింది. ఇంటికొచ్చి గాలి ట్యాంకునీ ట్యూబుల్నీ బయటికి తీసి, నీళ్ల బేసిన్‌లో ముంచాను. మూడు ట్యూబులు కలిసే టీ జాయింట్ దగ్గర ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆ ట్యూబుని కత్తెరతో కోసింది నేనే, కొస ఏటవాలుగా ఉంది.

అప్పటినుంచి కొత్త బ్లేడుతో, చెక్క మీద పెట్టి, నిటారుగా కోస్తాను. జాయింట్ మీదికి చివరిదాకా తోస్తాను. ఒకసారి ఎక్కించిన ట్యూబుని మళ్లీ లాగి తీయకూడదు. లాగితే కొస సాగిపోతుంది, అందుకే ఆ ముక్క కోసేసి కొత్త కొస ఎక్కించాలి. కాబట్టి ట్యూబు కాస్త పొడవుగానే ఉంచుకోండి. విమానంలో బిగించేశాక ముంచడం కుదరదు, సబ్బు నురుగుని కుంచెతో జాయింట్లకి రాస్తే చాలు. రాత్రి ట్యాంకులో 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కించి పడుకుంటే, పొద్దున గేజ్ దాదాపు అక్కడే ఉండాలి. బాగా దిగిపోయిందా, ఆ రోజు ఎగరేయను.

లీకు ట్యూబుల్లో దొరకకపోతే గాలి దారి మార్చే వాల్వ్‌ని నడిపే సర్వో (రేడియో సంకేతంతో చెయ్యి తిప్పే చిన్న మోటారు) చూడండి. చాలామంది దాని జోలికే పోరు. సర్వో చెయ్యి వాల్వ్ పిన్నుని రెండు వైపులా చివరిదాకా నెట్టాలి. మధ్యలో ఆగితే గాలి సరైన దారిలో పోదు, ట్యాంకు ఖాళీ అవుతుంది, మనం ట్యూబుల్ని అనుమానిస్తూ కూర్చుంటాం. అలాగని అతిగా నెట్టినా సర్వో గుయ్‌మంటూ బ్యాటరీ తినేస్తుంది. ట్రాన్స్‌మిటర్‌లో (మన చేతిలోని రేడియోలో) ఎండ్ పాయింట్లు, అంటే సర్వో చెయ్యి ఎంతదాకా పోవాలో చెప్పే అంకెలు, కొంచెం కొంచెం మారుస్తూ, ఆ శబ్దం ఆగేచోట వదిలేయాలి.

అపోహ: గాలి అయిపోతే చక్రాలు వాటంతటవే దిగుతాయి.

స్ప్రింగ్‌తో దిగే రకమైతేనే దిగుతాయి. ఎక్కడానికీ దిగడానికీ రెండింటికీ గాలే వాడే రకంలో ఆ హామీ లేదు. లీకు అనుమానం వస్తే గాలి మిగిలి ఉండగానే దింపేయండి. ఎక్కించి దింపిన ప్రతిసారీ ట్యాంకులో ప్రెషర్ తగ్గుతుంది, అందుకని ప్రతి ఫ్లైట్‌కి ముందు పంపు కొట్టడం తప్పదు.

అపోహ: ప్రెషర్ ఎంత ఎక్కువ పెడితే అంత గట్టిగా పనిచేస్తాయి.

తయారీదారు చెప్పిన అంకె దాటితే గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగుల మీద భారం పడుతుంది. చక్రాలు దబ్బున కొట్టుకుని, మౌంట్ పట్టుకున్న ప్లైవుడ్ వదులవుతుంది. మన ఎండలు వేరే. పొద్దున 25 డిగ్రీల్లో 100 పీఎస్ఐ నింపి మోడల్‌ని కారులో వదిలేస్తే, లోపల 45 డిగ్రీలయ్యేసరికి లెక్క ప్రకారం ఇంకో 7, 8 పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే గ్రౌండ్‌కి వెళ్లాకే నింపండి. చక్రం బద్ధకంగా కదిలితే ప్రెషర్ పెంచేముందు, అది తలుపు అంచుకో రెక్క లోపలి చెక్కకో రాసుకుంటోందేమో చూడండి.

అపోహ: 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకి యాంటెన్నా ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు.

రిసీవర్ (విమానంలో సంకేతాన్ని అందుకునే పెట్టె) నుంచి వచ్చే యాంటెన్నా వైరులో పనిచేసేది చివరి 31 మిల్లీమీటర్ల ముక్కే. దాన్ని వంచకూడదు. కార్బన్ ఫైబర్, బ్యాటరీ, మెటల్ ఎయిర్ ట్యాంకు పక్కన పెట్టకూడదు. రెండు యాంటెన్నాలుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉంచాలి. రిసీవర్‌ని ఫోమ్‌లో చుట్టండి, కానీ బిగించి కట్టకండి. నొక్కుకుపోయిన ఫోమ్ అదురుని ఆపలేదు.

సర్వో స్క్రూలకీ అంతే. సర్వో చెవుల్లో ఉండే రబ్బరు గ్రోమెట్ (మెత్తటి వలయం) నలిగేదాకా తిప్పితే రబ్బరు పెట్టి లాభం లేదు. గ్రోమెట్‌లో దూర్చే చిన్న ఇత్తడి గొట్టం వెడల్పు అంచు చెక్క వైపు ఉండాలి.

అపోహ: మీటర్ ఫుల్ చూపిస్తోంది కాబట్టి బ్యాటరీకి ఢోకా లేదు.

లోడ్ లేకుండా చూసిన వోల్టేజీతో ఏమీ తేలదు. మీటర్‌ని రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చానల్‌లో గుచ్చి, అన్ని స్టిక్కులూ ఒకేసారి కదుపుతూ, గేర్ (చక్రాల) స్విచ్ కూడా వేసి చూడండి. బాగా పడిపోతే బ్యాటరీ చిన్నదని అర్థం. రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో 8.4 వోల్టులు ఇస్తుంది, సర్వోలు హై వోల్టేజీవి కాకపోతే కాలిపోతాయి.

స్విచ్ ఆన్ చేసేముందు ట్రాన్స్‌మిటర్ మీద గేర్ స్విచ్ ‘కిందికి’ ఉందో లేదో చూసుకోండి. లేదంటే విమానం నేల మీదే కూలబడుతుంది. సిగ్నల్ తెగితే పనిచేసే ఫెయిల్‌సేఫ్‌లో థ్రాటిల్ (ఇంజన్ వేగం) కిందికి రావాలి. సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూసే రేంజ్ చెక్‌ని మాన్యువల్‌లో చెప్పిన దూరంలో, ఇంజన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి చేయాలి. రెండోసారి విమానాన్ని వెనకనుంచి పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి.