ఊరు పెరిగినప్పుడల్లా ఆగిన ఓటు: విశాఖ వార్డుల వెనుక కథ

విశాఖ కార్పొరేషన్‌కు తొలి కౌన్సిల్ 1981లో వచ్చింది, ఆరోది 2021లో. ఈ నలభై ఏళ్లలో నగరానికి కార్పొరేటర్లు ఉన్నది సుమారు 25 ఏళ్లే. మిగతా కాలమంతా ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి పాలన. 1992 నుంచి 1995 వరకు ఒక ఖాళీ, 2005 నుంచి 2007 వరకు ఇంకొకటి, 2012 నుంచి 2021 వరకు ఏకంగా తొమ్మిదేళ్లు. చివరి రెండు ఖాళీలకూ ఒకటే నేపథ్యం: నగరం చుట్టుపక్కల ఊళ్లను కలుపుకోవడం. హద్దులు మారితే వార్డులు మారాలి, వార్డులు మారితే రిజర్వేషన్లు మారాలి, ఈలోగా ఎవరో ఒకరు కోర్టుకు వెళతారు. ఎన్నిక ఆగిపోతుంది. విశాఖలో వార్డు ప్రాతినిధ్యం గురించి మాట్లాడాలంటే ఈ గొలుసు తెలియాలి.

ఈ ప్రాంతానికి పురపాలన కొత్తది కాదు. విశాఖలో 1858లోనే స్వచ్ఛంద మున్సిపల్ సంఘం ఏర్పడింది. భీమునిపట్నం (భీమిలి) 1861లో, అనకాపల్లి 1877లో మున్సిపాలిటీలయ్యాయి. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటని భీమిలి వాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. తమ ఊరి పాలకవర్గాన్ని తామే ఎన్నుకునే అలవాటు తరతరాలుగా ఉన్న ఈ రెండు పట్టణాలూ 2013లో గ్రేటర్ విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ)లో వార్డులుగా మారాయి. విలీనంపై అక్కడ వచ్చిన వ్యతిరేకతను పన్నుల భయంగా మాత్రమే చూడటం పొరపాటు.

విశాఖ కార్పొరేషన్ 1979 నాటి ప్రత్యేక చట్టంతో పుట్టింది. రోజువారీ పాలనకు మాత్రం 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టాన్నే వర్తింపజేశారు. ఆ చట్టం అధికారాన్ని మూడు చోట్ల పెట్టింది: కౌన్సిల్, స్థాయీ సంఘం, కమిషనర్. తీర్మానం చేసేది కౌన్సిల్, అమలు చేసేది కమిషనర్. మధ్యలో టెండర్లూ ఖర్చులూ పది మంది సభ్యుల స్థాయీ సంఘం ముందుకు వెళతాయి. ఆ పది మందిని కార్పొరేటర్లే ఏటా ఎన్నుకుంటారు. మేయర్ కుర్చీ కోసం జరిగే గొడవ పత్రికలకు ఎక్కుతుంది గానీ, వీధిలో కల్వర్టు పడుతుందా లేదా అన్నది ఎక్కువగా ఈ సంఘంలోనే తేలుతుంది.

1981 ఎన్నికల్లో బీజేపీ గెలిచి ఎన్.ఎస్.ఎన్. రెడ్డి మేయర్ అయ్యారు. ఆ పార్టీ పుట్టింది అంతకు ముందు ఏడాదే. 1987లో తెలుగుదేశం నుంచి డి.వి. సుబ్బారావు, 1995లో కాంగ్రెస్ నుంచి సబ్బం హరి, 2000లో రాజాన రమణి ఆ పదవిలోకి వచ్చారు. 2000 ఎన్నికల్లో ఓటరు చేతికి రెండు ఓట్లు ఉండేవి, కార్పొరేటర్‌కు ఒకటి, నేరుగా మేయర్‌కు ఒకటి. ఆ తర్వాత పద్ధతి మార్చి, మేయర్‌ను కౌన్సిలే ఎన్నుకునేలా చేశారు. 2007లో పులుసు జనార్దనరావు అలా ఎన్నికైన మేయరే. ఈ ఒక్క మార్పుతో వార్డు విలువ మారిపోయింది. అంతకుముందు కార్పొరేటర్ అంటే వీధి దీపాలు, గెడ్డల (వాగుల) పూడిక, కుళాయిలు. ఇప్పుడు ప్రతి వార్డూ మేయర్ పీఠం లెక్కలో ఒక చెయ్యి. పార్టీలు టికెట్ ఇచ్చేటప్పుడు ఆ చెయ్యి చివరిదాకా నిలబడుతుందా అనే చూస్తాయి.

రాజ్యాంగం మాత్రం ఖాళీలను ఒప్పుకోదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పట్టణ పాలకవర్గానికి తొలి సమావేశం నుంచి అయిదేళ్ల గడువు పెట్టింది, ఆ గడువు తీరేలోగానే ఎన్నిక జరపాలంది. నిర్వహణను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. వార్డుల పునర్విభజన పూర్తికాలేదన్నది వాయిదాకు సాకు కాదని 2022లో సురేశ్ మహాజన్ కేసులో మరోసారి చెప్పింది. అయితే ఆ పునర్విభజన చేయాల్సిందీ, రిజర్వేషన్లు ఖరారు చేయాల్సిందీ రాష్ట్ర ప్రభుత్వం. ఆ రెండూ చేతికి రానిదే ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇవ్వలేదు. గడియారం ఒకరి చేతిలో, తాళంచెవి మరొకరి చేతిలో. చిక్కంతా ఇక్కడే ఉంది.

2005 నవంబరు 21న గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి గ్రేటర్ విశాఖను ఏర్పాటు చేశారు. దాదాపు 111 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్క ఉత్తర్వుతో 540 దాకా పెరిగింది. 2001 జనాభా లెక్కల్లో పాత నగరం జనాభా 9.82 లక్షలు. కలిసిన ప్రాంతాలతో అది 13.45 లక్షలైంది. 72 వార్డులు గీసి 2007లో ఎన్నిక జరిపారు, అంటే వార్డుకు సగటున 18,700 మంది. జనాభా 37 శాతం పెరిగితే విస్తీర్ణం అయిదు రెట్లు దగ్గరికి వెళ్లింది. జగదాంబ దగ్గరి కార్పొరేటర్ తన వార్డును ఉదయం నడకలోనే చుట్టేయగలడు. శివారు కార్పొరేటర్‌కు కొండవాలు పేటలు, లేఅవుట్లు, పాత పల్లెలు అన్నీ ఒకే వార్డులో పడ్డాయి. ఇద్దరికీ కౌన్సిల్‌లో విలువ సమానమే, పని మాత్రం కాదు.

ఆ కౌన్సిల్ గడువు 2012లో తీరింది. 2013 జులైలో భీమిలి, అనకాపల్లి విలీన ఉత్తర్వులు వచ్చాయి. ఆ తర్వాతవన్నీ వ్యాజ్యాలు. 2014 మార్చిలో రాష్ట్రంలో చాలా మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు ఎన్నికలు జరిగినా విశాఖ ఓటరుకు ఆ అవకాశం రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని ఊడ్చేసింది. చెట్లు, స్తంభాలు, నీటి పంపులు అన్నీ పడిపోయిన ఆ రోజుల్లో వీధి స్థాయిలో జనానికి జవాబు చెప్పాల్సిన ఎన్నికైన మనిషి ఒక్కరూ లేరు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీ తొలి 20 నగరాల్లో విశాఖ చేరినప్పుడూ కౌన్సిల్ లేదు. కౌన్సిల్ అధికారాలూ స్థాయీ సంఘం అధికారాలూ ప్రత్యేకాధికారికే చెందుతాయి కాబట్టి తీర్మానాలు కాగితం మీద ఉంటాయి, చర్చ ఉండదు. ఫైలు ఆగదు, నిజమే. కానీ అది ఎందుకు ఆగాలో అడిగే మనిషీ ఉండడు. 14వ ఆర్థిక సంఘం కూడా తన గ్రాంట్లు సక్రమంగా ఏర్పడిన పాలకవర్గం ఉన్న పట్టణాలకే ఇవ్వాలని సిఫారసు చేసింది. ఎన్నిక జరగకపోవడానికి డబ్బుల రూపంలోనూ ఖరీదు ఉందన్నమాట.

వార్డు గీత ఎలా పడుతుందో కాస్త దగ్గరగా చూడాలి. ముందుగా ప్రభుత్వం మొత్తం వార్డుల సంఖ్య ఖరారు చేస్తుంది. విస్తరించిన నగరం 2011 జనాభా 20.35 లక్షలు, వార్డులు 98. సగటు దాదాపు 20,800. ఈ సగటుకు అటూ ఇటూ పెద్దగా తేడా రాకుండా గీతలు గీయాలి. పట్టణ ప్రణాళిక సిబ్బంది జనగణన బ్లాకుల పటం ముందు పెట్టుకుని, ఒక్కో బ్లాకు జనాభాను కూడుకుంటూ పోతారు. లెక్క సగటు దగ్గరికి రాగానే పెద్ద రోడ్డో, రైలు పట్టాలో, గెడ్డో చూసి అక్కడ ఆపుతారు. ఆపైన ప్రతి వార్డుకూ ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర హద్దులు మాటల్లో రాసి ముసాయిదా ప్రకటిస్తారు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు తక్కువే.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల దొర్లుతాయి. ఒకటి, జనాభా లెక్క పాతది. 2021 ఎన్నిక 2011 లెక్కతో జరిగింది. ఆ పదేళ్లలో మధురవాడ, పెందుర్తి వైపు అపార్టుమెంట్లు లేచాయి, పాత పట్నం వైపు అలాంటి పెరుగుదల లేదు. కాగితం మీద సమానంగా ఉన్న వార్డుల్లో ఓటర్ల సంఖ్య సమానంగా ఉండకపోవడానికి కారణం అదే. రెండు, హద్దుగా రాసిన గెడ్డ కొన్నిచోట్ల కప్పబడిపోయి రోడ్డయింది. ఆ వరసలో ఇళ్లు ఏ వార్డువో ఎవరికీ తేలదు. మూడు, కొండవాలు కాలనీలు. కింద రోడ్డు ఒక వార్డులో, పైకి వెళ్లే మెట్లు మరో వార్డులో పడితే, మెట్లు ఎవరు కట్టించాలన్న తగువు అయిదేళ్లూ నడుస్తుంది.

ఓటర్ల జాబితాది ఇంకో తంటా. వార్డు ఎన్నికకు విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డులవారీగా విడగొడతారు. అసెంబ్లీ జాబితాలోని ఒక భాగం రెండు, మూడు వార్డుల్లోకి చీలితే సిబ్బంది ఇంటి నంబర్లు పట్టుకుని ఒక్కొక్క పేరునూ వార్డుకు కేటాయించాలి. విశాఖలో ఇంటి నంబరు దారి చూపదు, దారి తప్పిస్తుంది. ద్వారకానగర్‌లో నంబర్లు 47తో మొదలవుతాయి. అది పాత విభజన నాటి సంఖ్య, ఎన్నికల వార్డు 47తో దానికి సంబంధం లేదు. విలీన గ్రామాల్లో పంచాయతీ కాలం నంబర్లు అలాగే ఉండిపోయాయి, కాబట్టి ఒకే నంబరు రెండు ఊళ్లలో కనిపిస్తుంది. భార్య ఓటు ఒక వార్డులో, భర్త ఓటు పక్క వార్డులో పడటానికి ప్రతిసారీ కుట్రే కారణం కానక్కర్లేదు. చాలాసార్లు అది కేటాయించిన మనిషి తొందర.

ఆ తర్వాత రిజర్వేషన్లు. ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో, వారి శాతం ఎక్కువగా ఉన్న వార్డుల నుంచి కిందికి వరసగా కేటాయిస్తారు. అన్ని వర్గాల్లోనూ సగం మహిళలకు. రాజ్యాంగం అడిగింది మూడో వంతే, రాష్ట్రం 50 శాతానికి పెంచింది. బీసీల వాటా దగ్గరే న్యాయపరమైన చిక్కులు వస్తాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు కలిపి రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని 2010లో కె. కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రత్యేక కమిషన్ అధ్యయనం, సంస్థల వారీగా నిష్పత్తి, 50 శాతం పరిమితి అనే మూడు షరతులను 2021లో గవళి తీర్పు మళ్లీ గుర్తుచేసింది. రిజర్వు వార్డులు ఎన్నిక ఎన్నికకూ మారే ఈ రొటేషన్‌కు ఇంకో ఫలితమూ ఉంది. ఈసారి గెలిచిన వార్డు వచ్చేసారి తనకు దక్కుతుందో లేదో తెలియని కార్పొరేటర్ నాలుగో ఏడాదికే ఆసక్తి తగ్గించుకుంటాడు. మహిళా వార్డుల్లో ఫోన్ ఎత్తేది భర్త అన్న మాట నగరంలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు.

చివరికి 2020 మార్చి 9న నోటిఫికేషన్ వచ్చింది, నామినేషన్లు పడ్డాయి, 15న కోవిడ్ కారణంగా అన్నీ నిలిచాయి. మళ్లీ 2021 ఫిబ్రవరిలో ఆగిన చోటు నుంచే మొదలుపెట్టారు. పోలింగ్ మార్చి 10న బ్యాలెట్ కాగితాలతో జరిగింది. 98 వార్డుల్లో వైసీపీకి 58, తెలుగుదేశానికి 30, జనసేనకు 3, బీజేపీ, సీపీఐ, సీపీఎంలకు ఒక్కొక్కటి, స్వతంత్రులకు 4 దక్కాయి. మార్చి 18న గొలగాని హరి వెంకటకుమారి మేయర్ అయ్యారు. ఆ ఏడాదే చట్టం మార్చి రెండో డిప్యూటీ మేయర్ పదవిని సృష్టించారు. వార్డు ఓటరుకు దానివల్ల ఒరిగింది ఏమిటో ఎవరూ చెప్పలేదు.

58 సీట్లున్న పార్టీ మేయర్ ఎలా దిగిపోయారన్నది కౌన్సిల్ లెక్కల్లోనే ఉంది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఆగస్టులో జరిగిన స్థాయీ సంఘం ఎన్నికలో పదికి పది స్థానాలూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గెలుచుకుంది. అసలు సంకేతం అప్పుడే వచ్చేసింది. మేయర్‌పై నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదు. 2025 మార్చి 18కి ఆ నాలుగేళ్లు నిండాయి. సగం మంది సభ్యుల సంతకాలతో నోటీసిస్తే కలెక్టర్ సమావేశం పిలుస్తారు. నెగ్గడానికి హాజరైనవారిలో కాదు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు కావాలి. ఒక స్థానం ఖాళీ కాబట్టి కార్పొరేటర్లు 97 మంది, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కలిసి ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు 14 మంది, మొత్తం 111. మూడింట రెండు వంతులంటే 74. ఏప్రిల్ 19న అనుకూలంగా పడిన ఓట్లు సరిగ్గా 74. ఒక్కటి తగ్గినా తీర్మానం వీగిపోయేది. ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయర్‌గా ఎన్నికయ్యారు. నగర ఓటరు ఈ మధ్యలో ఎక్కడా ఓటు వేయలేదు, ఎక్స్ అఫీషియో సభ్యులు వేశారు. ఎమ్మెల్యే, ఎంపీలకు సభ్యత్వం ఇవ్వడానికి రాజ్యాంగమే దారి చూపింది, కాబట్టి చట్టపరంగా తప్పేమీ లేదు. కానీ వార్డు తీర్పును పై ఎన్నికల ఫలితం అధిగమించగల సందు కూడా అదే.

74వ సవరణే 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలు ఉండి తీరాలంది. విశాఖలో జనానికి తెలిసినవి మాత్రం కమిటీలు కావు, 2019 తర్వాత వచ్చిన వార్డు సచివాలయాలు. అర్జీ ఇవ్వడానికి, ధ్రువపత్రానికి అవి దగ్గరయ్యాయి, అందులో సందేహం లేదు. అయితే అక్కడి కార్యదర్శులు జవాబు చెప్పేది కమిషనర్‌కు, కార్పొరేటర్‌కు కాదు.

తొలి సమావేశం 2021 మార్చి 18న జరిగింది కాబట్టి ఈ కౌన్సిల్ గడువు 2026 మార్చి 17 వరకే. దీని పక్కనే మరో తేదీ ఉంది. జనగణన కోసం పరిపాలనా హద్దులను 2025 డిసెంబరు 31తో స్తంభింపజేయాలని కేంద్రం చెప్పింది. జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. కొత్త లెక్కలు వచ్చేదాకా వార్డుల పునర్విభజనకు ఆధారం 2011 అంకెలే. అనకాపల్లి సంగతి ఇంకా విచిత్రం: 2022 ఏప్రిల్ 4 నుంచి అది వేరే జిల్లాకు కేంద్రం, అయినా పట్టణం విశాఖ కార్పొరేషన్‌లోనే ఉంది. ఒక జిల్లా కేంద్రంలో వీధి దీపాల లెక్క పక్క జిల్లాలోని కౌన్సిల్ హాలులో తేలుతోంది. ఆ పట్టణాన్ని విడదీస్తే 98 వార్డుల లెక్క, రిజర్వేషన్ల వరస మళ్లీ మొదటికి వస్తాయి.

ముసాయిదాలు వెలువడినప్పుడు అభ్యంతరం ఇవ్వాలనుకునేవారు "మా వార్డు చీల్చారు" అని ఒక్క ముక్క రాసిస్తే అది బుట్టదాఖలే అవుతుంది. ఏ వైపు హద్దు, ఏ వీధి నుంచి ఏ వీధి వరకు, అందులో జనగణన బ్లాకుల జనాభా ఎంత, అది మారితే రెండు వార్డుల సగటూ ఎంతకు వస్తుంది, ఈ నాలుగూ రాయాలి. జాబితాలో పేరే లేకపోతే దరఖాస్తు అసెంబ్లీ ఓటర్ల నమోదు అధికారికి, ఫారం 6తో. పేరుండి వార్డు తప్పు పడితే మున్సిపల్ కార్యాలయానికి, ఇరుగు పొరుగు నలుగురి ఓటరు వరస సంఖ్యలు జతచేసి.