మడ అడవికి వెళ్లే ముందు పోటు వేళ చూసుకోండి

మడ అడవి చూడాలనుకునేవాళ్లు ముందు సెలవు రోజు వెతుక్కుంటారు. అంతకన్నా ముందు చూసుకోవలసినవి సముద్రపు నీరు ఎక్కే పోటు, దిగే పాటు వేళలు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ ఉదయం 8 గంటలకు వచ్చిన పోటు రేపు దాదాపు 8.50కి వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా ఎక్కి, బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. పోటు వేళల పట్టికలో రాసేది రేవు దగ్గరి వేళ. పాయల లోపలికి పోటు ఇంకా ఆలస్యంగా చేరుతుంది, ఎంత ఆలస్యమో పడవ నడిపేవారిని అడగాలి.

పడవ మీద వెళ్లేవాళ్లు నీరు ఎక్కుతుండగా బయలుదేరాలి. నీరు తీసే వేళ సన్నపాయలోకి దూరితే పడవ బురదకు తగులుకుంటుంది. మళ్లీ పోటు వచ్చి లేపేదాకా గంటల తరబడి ఎండలో కూర్చోవాల్సిందే. చెక్క వంతెన మీద నడిచేవాళ్లకు మాత్రం పాటు వేళే మేలు. దానికి రెండు గంటల ముందే చేరితే బురద మెల్లగా బయటపడటమూ, వెంటనే ఉల్లంకి పిట్టలు మేతకు దిగటమూ కనబడతాయి.

ఆ బురదలోంచి పెన్సిళ్లలా నిలువుగా పొడుచుకొచ్చినవి తెల్ల మడ లాంటి మడ చెట్ల వేర్లు. పైపొర దాటితే బురదలో ఆక్సిజన్ ఉండదు. అక్కడి బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్లిన గుడ్ల వాసన దానిదే, మురుగు అనుకుని ముక్కు మూసుకోనక్కర్లేదు. కింద గాలి అందని వేరు పైకి లేచి, బెరడు మీది సన్నటి రంధ్రాల గుండా పీల్చుకుంటుంది. దాన్ని తొక్కి విరిస్తే చెట్టుకు ఊపిరి తగ్గుతుంది. దయచేసి వంతెన దిగకండి.

దిగక తప్పనిచోట లేసులు బిగించే పాత బూట్లు వేసుకోండి, చెప్పులు బురదలోనే ఉండిపోతాయి. కాలు కూరుకుపోతే నిలువుగా లాగకూడదు. పాదం కిందికి గాలి చొరక బురద పట్టేస్తుంది, ఆ ఊపుకు రెండో కాలూ దిగబడుతుంది. మడమను అటూ ఇటూ కదిలించి సందు చేసి, వేళ్లు కిందికి వంచి మెల్లగా తీయాలి.

ఎండ వేళ తెల్ల మడ ఆకు మీద ఉప్పు రవ్వలు మెరుస్తాయి. వేర్లలోంచి వచ్చిన ఉప్పును ఆకులోని గ్రంథులు బయటికి తోసేస్తాయి. ఊతకర్రల్లాంటి వేర్ల మీద నిలబడే ఉప్పు పొన్న మాత్రం చాలా ఉప్పును వేరు దగ్గరే ఆపేస్తుంది. దాని కొమ్మలకు ములక్కాడల్లా వేలాడేవి చెట్టు మీదే మొలకెత్తిన పిల్ల మొక్కలు.

చివరగా, పది నిమిషాలు కదలకుండా నిలబడండి. అడుగుల చప్పుడుకు దాక్కున్న పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి. ఒక్క డెక్కే పెద్దదిగా ఉన్న మగ పీత దాన్ని ఎత్తి ఎత్తి ఊపుతూ ఆడ పీతను పిలుస్తుంది.