ఓడ మోటారుకు చలే సమస్య: దుగరాజపట్నం ముందున్న పాత కథ

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. ఉమ్మడి చిత్తూరుకు తీరమే లేదు. ఇప్పుడు ఆ తీరాన దుగరాజపట్నంలో నౌకానిర్మాణ కేంద్రం ప్రతిపాదన నడుస్తోంది కాబట్టి, ఓడ కడుపులో ఏ మోటారు తిరగాలన్నది కూడా మన ప్రశ్నే. అందులో ఎన్నాళ్లుగానో ఊరిస్తున్నది సూపర్‌కండక్టర్ మోటారు, అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డే చెప్పని తీగతో చుట్టిన మోటారు.

పెద్ద ఓడ ప్రొపెల్లర్ నిమిషానికి వంద, నూటయాభై చుట్లు తిరుగుతుందంతే. అంత నెమ్మదిగా తిరుగుతూ ఓడను నెట్టాలంటే టార్క్, అంటే తిప్పే బలం, భారీగా కావాలి. మామూలు మోటారులో దానికి రాగి, ఇనుము పెంచుకుంటూ పోవాల్సిందే. 1987లో క్వీన్ ఎలిజబెత్ 2 ఓడకు బిగించిన రెండు మోటార్లూ ఒక్కోటి 44 మెగావాట్లవి. ఒక్కోదాని బరువు 400 టన్నుల పైమాటే. ఇనుమేమో అయస్కాంత బలం రెండు టెస్లాలకు చేరేసరికి చేతులెత్తేస్తుంది.

1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో శాస్త్రవేత్త కామర్‌లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు (సుమారు మైనస్ 269 డిగ్రీలకు) చల్లబరిస్తే విద్యుత్ నిరోధం మాయమైంది. అలాంటి తీగతో కాయిల్ చుడితే ఇనుము సాయం లేకుండానే బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. 1980లో అమెరికా నేవీ జూపిటర్ 2 అనే చిన్న నౌకలో ఇలాంటి మోటారును నీళ్లమీద నడిపి చూసింది. కానీ అంత చలికి ద్రవ హీలియం కావాలి, దానితో వేగడం ఎవరివల్ల అవుతుంది?

1986లో బెడ్నార్జ్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు కొత్త రకం సూపర్‌కండక్టర్ సిరామిక్‌లు కనిపెట్టారు. మరుసటి ఏడే అంత చలి అక్కర్లేకుండా ద్రవ నైట్రోజన్ చలికే పనిచేసేవీ వచ్చాయి. ఇక సమస్య తీరిపోయిందనుకున్నారు. కానీ వంచితే విరిగే ఆ పదార్థాన్ని టేపుగా సాగదీయడానికే ఏళ్లు పట్టాయి.

2009 జనవరిలో ఫిలడెల్ఫియాలో అమెరికన్ సూపర్‌కండక్టర్ సంస్థ వాళ్ల 36.5 మెగావాట్ల మోటారు పూర్తి శక్తితో తిరిగింది. బరువు 75 టన్నులలోపే. అదే శక్తికి రాగి మోటారైతే 200 టన్నులు దాటుతుంది. రోటర్‌లో, అంటే తిరిగే భాగంలో, డీసీ కాబట్టి అక్కడ సూపర్‌కండక్టర్ టేపు. ఏసీ పారితే అందులోనూ నష్టం ఉంటుంది గనక కదలని భాగమైన స్టేటర్ రాగిదే. అయినా అమెరికా జుమ్‌వాల్ట్ యుద్ధనౌకలకు దక్కింది మామూలు ఇండక్షన్ మోటార్లే. సూపర్‌కండక్టర్ యంత్రం జనరేటర్‌గా మాత్రం 2018లో డెన్మార్క్‌లో ఒక గాలిమర పైకెక్కింది.

నా దృష్టిలో మోటారు ఎప్పుడో నెగ్గింది. టేపు ధర, చలి యంత్రమే వెనక్కి లాగుతున్నాయి. చలి మనకు కొత్తేం కాదు. శ్రీహరికోటలో ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతున్నారు; ఆ రోటర్‌కు అంత చలి కూడా అక్కర్లేదు. కాకపోతే రాకెట్‌లో అది నిమిషాల పని. ఓడలో ఏళ్ల తరబడి, తిరుగుతున్న రోటర్‌లోకి హీలియం వాయువు వెళ్లివస్తూనే ఉండాలి. నడిసముద్రంలో కూలర్ ఆగితే బాగుచేసే మెకానిక్ కూడా ఓడలోనే ఉండాలి.